ఇంటి మురుగు గొట్టం మార్చే ముందు



ఇల్లు కట్టించుకునేటప్పుడు మనం గుమ్మం చెక్క చూస్తాం, గోడల రంగు చూస్తాం, వాస్తు చూపిస్తాం. మరుగుదొడ్డి నుంచి వీధిలోకి పోయే గొట్టం సంగతి మాత్రం మేస్త్రీకి వదిలేస్తాం. మన్ను కప్పేశాక దాన్ని ఇక మర్చిపోతాం. అది మళ్లీ గుర్తుకొచ్చేది ఏ పండగ పూటో, ఇంటినిండా చుట్టాలు ఉన్నప్పుడో. స్నానాలగదిలో పోసిన నీళ్లు వెనక్కి ఎగదన్నుతాయి. అప్పుడు ఎవరు దొరికితే వాళ్లను పిలిచి, ఎంత అడిగితే అంత ఇచ్చి, ఏం చేస్తే అది చేయించుకుంటాం. ఆ తొందరలో జరిగే పొరపాట్లు పాతికేళ్లపాటు భూమిలో దాగి ఉంటాయి.

నేను పురపాలక పనుల్లో ఓవర్సీయరుగా చాలా ఏళ్లు పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. ఊరి మురుగు కాలువల కొలతలన్నీ నోటికి వచ్చు. అయినా బళ్లారిలో మా ఇంటి గొట్టమే ఎనిమిదేళ్లపాటు మొరాయిస్తుంటే, ఏటా రెండుసార్లు వెదురు బద్దలతో పొడిపించి పంపేశాను తప్ప, ఎందుకు మూసుకుపోతున్నదో ఆలోచించలేదు. మూడేళ్ల కిందట దాన్ని పూర్తిగా మార్చాం. ఆ పనిలో తెలిసినవి, ఉద్యోగంలో తెలిసినవి కలిపి ఈ పూట చెబుతాను.

ముందుగా తేల్చుకోవలసింది ఒకటుంది. అడ్డు మీ గొట్టంలో ఉందా, వీధి గొట్టంలో ఉందా? ఇది తేలకుండా ఒక్క గడ్డపార కూడా వేయనివ్వకండి. ఇంటి ఆవరణలో ఉన్న ఛాంబర్ల మూతలు ఒక్కొక్కటే తీయించండి. అన్నీ నిండి ఉండి, వీధిలోని మ్యాన్‌హోలు కూడా నిండి ఉంటే జబ్బు వీధిది. అది నగరసభవాళ్ల పని, మీరు తవ్వి లాభం లేదు. పై ఛాంబరు నిండి కింది ఛాంబరు ఎండి ఉంటే అడ్డు ఆ రెండింటి నడుమ ఉన్నట్టు. ఛాంబర్లన్నీ శుభ్రంగా ఉండి ఒక్క దొడ్డిలోనే నీళ్లు నిలుస్తుంటే, ఆ దొడ్డి కింది వంపులో ఏదో చిక్కుకుంది. అది గంటలో అయ్యే పని. ఇంత చిన్న పరీక్ష చేయక, వీధి గొట్టం మూసుకుపోయినందుకు తమ ఇంటి ముందు పరిచిన కడప బండలన్నీ పగలగొట్టించుకున్నవాళ్లను నేను చూశాను.

సరే, అడ్డు మన గొట్టంలోనే ఉంది. ఒక్కసారి మూసుకున్నంత మాత్రాన గొట్టం మార్చనక్కర్లేదు. ఒకే చోట మళ్లీ మళ్లీ అడ్డుపడుతున్నా, గొట్టం పోయే దారిలో నేల కుంగినా, ఎండాకాలంలో కూడా అక్కడ తడి ఆరకపోయినా, గడ్డి ఆ ఒక్క చోటే పచ్చగా ఉన్నా, పందికొక్కులు అక్కడే బొరియలు చేస్తున్నా గొట్టం పగిలిందని అనుకోవాలి. యాసిడ్ పోస్తే పోతుందనుకోకండి. పగుళ్లకు యాసిడ్ మందు కాదు. పైగా ఒకరు యాసిడ్ పోసి, ఇంకొకరు తెలియక బ్లీచింగు పొడి చల్లితే క్లోరిన్ వాయువు పుడుతుంది. తలుపు మూసిన చిన్న గదిలో అది ప్రాణం మీదికి తెస్తుంది.

మా ఇంట్లో పగిలింది ఎందుకో చెబుతాను. మాలాంటి పాత ఇళ్లన్నిటికీ ఇది వర్తిస్తుంది. ఆ రోజుల్లో వేసినవి నున్నని మెరుపు ఉండే స్టోన్‌వేరు గొట్టాలు, కాల్చిన మట్టివి. గొట్టం మంచిదే. మలినాలకు అది తినుకుపోదు. కాని ఒక్కో ముక్క రెండడుగులే ఉంటుంది. నలభై అడుగుల వరసకు ఇరవై ముక్కలు, ముక్కముక్కకూ ఒక అతుకు. జనపనార చుట్టి సిమెంటుతో పూసిన అతుకులవి. మాది నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది. నేల అలా ఏటా లేచి దిగుతుంటే, వంగే గుణం లేని సిమెంటు అతుకు చిట్లక ఏం చేస్తుంది? చిట్లిన సందులోంచి తడి బయటికి వస్తుంది. ఆ తడి వాసన పట్టి మా పెరటి వేపచెట్టు వేళ్లు లోపలికి దూరాయి. తవ్వి తీసినప్పుడు ఒక ముక్క లోపల జడ అల్లినట్టు వేళ్ల కట్ట ఉంది. ఎనిమిదేళ్లపాటు మేం వెదురు బద్దతో చేసిందల్లా ఆ జడను కత్తిరించడం. కత్తిరించిన కొద్దీ అది గుబురైంది.

యానాంలోనూ, గోపాలపురం వైపు తీరపు ఇసుక నేలల్లోనూ ఉన్న మన వాళ్లకు రేగడి బాధ లేదు. వాళ్ల బాధ ఊట నీరు. వానాకాలంలో కొద్ది లోతుకే నీళ్లు ఊరే చోట పగిలిన గొట్టంలోకి బయటి నీళ్లు, ఇసుక చేరి పూడిపోతుంది. అక్కడ పని ఎండాకాలంలోనే పెట్టుకోవాలి. ప్లాస్టిక్ గొట్టం తేలిక. మన్ను కప్పకముందే గోతిలో నీళ్లు నిండితే ఖాళీ గొట్టం తెప్పలా పైకి తేలుతుంది, పెట్టిన వాటమంతా చెడుతుంది.

మురుగు కారితే వాసన ఒక్కటే అనుకుంటాం. అసలు భయం తాగే నీళ్ల గురించి. మన ఊళ్లు చాలావాటిలో కొళాయి నీళ్లు ఇరవైనాలుగు గంటలూ రావు. నీళ్లు వచ్చేటప్పుడు గొట్టంలో ఒత్తిడి ఉంటుంది కాబట్టి బయటి మురికి లోపలికి రాదు. నీళ్లు ఆగిపోయాక గొట్టం ఖాళీ అవుతూ పక్కనున్న తడిని లోపలికి లాక్కుంటుంది. కొళాయి గొట్టానికి చిన్న చిల్లు, పక్కనే మురుగు గొట్టానికి చిన్న చిట్లు ఉంటే చాలు. మరునాడు కొళాయి విప్పగానే మొదట వచ్చే బిందె అదే. పచ్చకామెర్లు, టైఫాయిడ్, విరేచనాలు వచ్చే దారుల్లో ఇదొకటి. మా వీధిలో ఒకే వేసవిలో మూడిళ్లలో కామెర్లు వచ్చాయి. మా మనవడికీ వచ్చింది. అది మా గొట్టం వల్లనే అని నేను రుజువు చేయలేను. తవ్వినప్పుడు మాత్రం చిట్లిన అతుకుకూ, కొళాయి గొట్టానికీ నడుమ జానెడు ఎడం కూడా లేదు. ఆ జానెడు చూశాక ఎనిమిదేళ్ల పాటు వెదురు బద్దకు ఇచ్చిన డబ్బు ఆదా అనిపించలేదు.

అందుచేత కొత్త గొట్టం వేసేటప్పుడు ఈ రెండింటినీ ఒకే గోతిలో వేయనివ్వకండి. పది అడుగుల ఎడం ఉంటే మంచిది. ఇరుకు సందుల్లో అది కుదరదు. అప్పుడు కొళాయి గొట్టం పైన, మురుగు గొట్టం కింద, నడుమ కనీసం అడుగున్నర ఎత్తు తేడా ఉండేలా చూడండి. ఒకటి రెండోదాన్ని దాటవలసి వస్తే అక్కడ అతుకు లేకుండా చూసుకోవాలి.

ఇక మనుషుల సంగతి. పాత బజారుల్లో గోడలు కలిసిన ఇళ్లకు గొట్టం కూడా కలిసే ఉంటుంది. మా వెనకింటివాళ్ల నీళ్లు మా పెరట్లోంచే పోయేవి. ఎవరు ఎప్పుడు ఒప్పుకున్నారో పెద్దలకే తెలియాలి, ఆ పెద్దలు ఇప్పుడు లేరు. నేను గొట్టం మారుస్తానంటే వెనకింటాయన, "అన్నా, మా తాత కాలం నుంచి ఇలాగే పోతున్నాయి. ఇప్పుడు నన్ను ఆపితే నేనెక్కడికి పోను?" అన్నాడు. ఆయన మాటలో న్యాయం ఉంది. నేను వద్దంటే వ్యాజ్యం వస్తుంది, ఊరుకుంటే ఖర్చంతా నాది. చివరికి ఇద్దరం కూర్చుని, వాళ్ల వాటా ఎంత, ముందు ముందు అడ్డుపడితే ఖర్చు ఎవరిది, ఛాంబరు తెరవడానికి మా పెరట్లోకి ఎప్పుడైనా రావచ్చా అన్నవి ఒక కాగితం మీద రాసుకుని సంతకాలు పెట్టాం. నోటిమాట మీద వదిలితే మన పిల్లల కాలానికి అది తగాదా అవుతుంది.

కాగితం అన్నాను కాబట్టి ఇంకో మాట. వీధి మ్యాన్‌హోలుకు కలపడానికీ, రోడ్డు తవ్వడానికీ నగరసభ అనుమతి కావాలి. ఆ దరఖాస్తులూ, రసీదులూ మనకు కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో ఉంటాయి. మాట్లాడడం వచ్చినా చదవడం రాని పెద్దవాళ్లు మనలో చాలామంది. బడికి పోయే పిల్లల చేత ఒకసారి పూర్తిగా చదివించుకోండి. తవ్విన రోడ్డును తిరిగి ఎవరు పూడ్చాలి, కలిపే పని ఎవరు చేయాలి అన్న రెండు సంగతులు అందులోనే ఉంటాయి.

గొట్టం కొనేటప్పుడు అంగడిలో "నాలుగంగుళాల పి.వి.సి. ఇవ్వండి" అంటే ఏదో ఒకటి ఇస్తారు. గోడ మీద వర్షపు నీటికి వేసే పలచని గొట్టం వేరు, భూమిలో వేసేది వేరు. భూమిలో మురుగుకు వాడే పి.వి.సి. గొట్టానికి భారతీయ ప్రమాణ సంఖ్య 15328. గొట్టం మీదే ఆ సంఖ్య, ఐ.ఎస్.ఐ. గుర్తు అచ్చువేసి ఉంటాయి. ఎక్కువగా ఇటుక రంగులో వస్తుంది. ఇంటి లోపల, గోడల వెంట వేసే మురుగు గొట్టాల సంఖ్య 13592. అందులో ఎ రకం వాన నీళ్లకూ, గాలి గొట్టానికీ, బి రకం దొడ్డి నీళ్లకూ. ఇవి చూసి తీసుకోండి. ధరలో తేడా ఉంటుంది, నిజమే. కాని మొత్తం ఖర్చు లెక్క వేసి చూడండి. బండలు లేపడం, తవ్వడం, పూడ్చడం, మళ్లీ బండలు పరచడం, రోడ్డు రుసుము, వీటి ముందు గొట్టం ధర చిన్నది. పలచని గొట్టం కొని మిగుల్చుకున్న డబ్బు రెండోసారి బండలు లేపడానికి సరిపోదు.

వాటం గురించి కొంచెం ఓపికగా వినండి. సగం గొట్టాలు చెడేది ఇక్కడే. వాటం అంటే పల్లానికి ఉన్న వాలు. నాలుగంగుళాల గొట్టానికి నలభైకి ఒకటి, అంటే ప్రతి పది అడుగులకు మూడంగుళాలు దిగాలి. ఆరంగుళాల గొట్టానికి అరవైకి ఒకటి, పది అడుగులకు రెండంగుళాలు. మా నలభై అడుగుల వరసకు ఈ చివర నుంచి ఆ చివరకు ఒక అడుగు దిగాలన్నమాట. తక్కువైతే మలినం కదలదు. చాలామంది మేస్త్రీలు కంటితో చూసి "పారుతుంది సార్" అంటారు. నీళ్లు పారడం వేరు, మలినాన్ని మోసుకుపోవడం వేరు. లెవల్ ట్యూబు పెట్టించండి, దారం కట్టించండి, మీరే అడుగుబద్దతో ప్రతి పది అడుగులకూ కొలవండి. మొత్తం మీద అడుగు దిగి, నడుమ ఒకచోట కడుపు పడినా ఆ కడుపులో పేరుకుపోతుంది.

ఆ కొలత మొదలుపెట్టవలసింది ఇంటి దగ్గర కాదు, వీధి మ్యాన్‌హోలు దగ్గర. అందులో గొట్టం ఎంత లోతున కలవగలదో చూసి అక్కడి నుంచి వెనక్కి లెక్క కట్టాలి. గొట్టాలు పరవడం కూడా పల్లం చివర నుంచే మొదలై పైకి రావాలి, వెడల్పు మూతి ఇంటి వైపు ఉండాలి. మన వీధుల్లో రోడ్డు మీద రోడ్డు వేసి ఎత్తు పెంచేస్తున్నారు. ఒకప్పుడు మూడు మెట్లు ఎక్కి వెళ్లిన ఇంట్లోకి ఇప్పుడు దిగి వెళ్తున్నాం. వీధి మ్యాన్‌హోలు మూత మీ స్నానాలగది నేలకన్నా ఎత్తులో ఉంటే, వీధిలో అడ్డుపడిన రోజున ఊరి మురుగు రోడ్డు మీదికి రాకముందే మీ ఇంట్లోకి వస్తుంది. అలాంటి ఇళ్లవాళ్లు చివరి ఛాంబరులో ఒకవైపే తెరుచుకునే కవాటం పెట్టించుకోవాలి. దాన్ని చేతికందే చోట పెట్టించండి. అప్పుడప్పుడు కడగకపోతే అదే అడ్డవుతుంది.

గొట్టం కింద రాళ్లూ, పాత ఇటుక ముక్కలూ లేకుండా తీసి నాలుగంగుళాల ఇసుక పరిపించాలి. రేగడి నేలలో ఇది మరీ ముఖ్యం. గొట్టం చుట్టూ ఇసుకో మెత్తని గరుసో వేసి, తవ్విన రేగడి పైకి మాత్రమే రావాలి. రబ్బరు చుట్టతో కలిసే అతుకులు నేల కదలికకు కొంచెం ఒదుగుతాయి. ఇలాంటి నేలకు అవే మేలు. భూమిలో తొంభై డిగ్రీల మలుపు వద్దు. మలుపు ఉన్న చోట ఛాంబరు కట్టించండి. ఆ ఛాంబరు అడుగు చదునుగా ఉండకూడదు. నడుమ అర్ధచంద్రంలా కాలువ, రెండు వైపులా దానిలోకి వాలే సిమెంటు గట్లు ఉండాలి. మిద్దె మీది వాన నీళ్లు ఇందులో కలపకండి. కలిపితే పెద్ద వానకు మొదట మునిగేది మీరే.

ఇప్పుడు చెప్పేది చెప్పడానికి నాకే కష్టంగా ఉంది. మా పనిలో వీధి పక్కన ఉన్న చివరి ఛాంబరు ఆరడుగుల లోతు. పాత గొట్టం నోరు అందులో మూసుకుపోయింది. మేస్త్రీ ఒక కుర్రవాణ్ణి తీసుకొచ్చాడు. పద్దెనిమిదో ఇరవయ్యో ఉంటాయి. చొక్కా విప్పి గట్టు మీద పెట్టాడు. "రెండు నిమిషాల పని సార్, దిగి తీసేస్తాడు" అన్నాడు మేస్త్రీ. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఇలా దిగినవాళ్ల పక్కన గట్టు మీద నేనూ నిలబడ్డాను. తాడు పట్టుకునేవాళ్లం, ఒక సారా సీసాకు డబ్బులిచ్చేవాళ్లం, దాన్ని దయ అనుకునేవాళ్లం. ఆ రోజు మాత్రం దిగనివ్వలేదు. ఆ కుర్రవాడు నా వంక చూసి, "దిగకపోతే కూలి ఇవ్వరా అయ్యా?" అని అడిగాడు. కూలి ఇచ్చి, పైనుంచే చేసే పనిలో పెట్టాం. యంత్రం బండి కోసం రెండు రోజులు ఆగవలసి వచ్చింది. ఆ రెండు రోజులూ ఇంట్లోవాళ్లం పక్కింటి దొడ్డికి వెళ్లాం. అంతకు మించి ఏమీ కాలేదు.

మూసి ఉన్న మురుగులో హైడ్రోజన్ సల్ఫైడ్ అనే వాయువు పుడుతుంది. కొంచెంగా ఉన్నప్పుడు కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది. ఎక్కువైతే అది ముక్కునే చంపేస్తుంది, వాసన తెలియదు. వాసన లేదు కదా అని దిగినవాడు ఒకటి రెండు ఊపిర్లలో కూలిపోతాడు. అతణ్ణి తీయబోయి రెండోవాడు, మూడోవాడు పోయిన వార్తలు మీరూ వినే ఉంటారు. 2013లో వచ్చిన చట్టం ప్రకారం తగిన రక్షణ సాధనాలు లేకుండా మురుగు గొట్టంలోకి, సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దింపడం నేరం. ఆ చట్టం నగరసభనే కాదు, ఎవరినైనా అంటుంది. ఇంటి యజమానికీ వర్తిస్తుంది. మొదటి తప్పుకు రెండేళ్ల వరకు జైలు, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఇలా చనిపోయినవాళ్ల కుటుంబాలకు 10 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది. 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలు చేసింది. ఈ పోరాటాన్ని దేశమంతా నడిపినవారిలో ముందున్న బెజవాడ విల్సన్ గారు మన కోలారు బంగారు గనుల దగ్గర, మలం ఎత్తే పనిలో ఉన్న తెలుగు కుటుంబంలో పుట్టినవారు. 2016లో ఆయనకు మెగసెసే పురస్కారం వచ్చింది. తరతరాలుగా ఈ పనిలోకి నెట్టబడ్డ కుటుంబాల్లో తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయని సరిహద్దు ఊళ్లలో ఉన్న మనకు వేరే చెప్పనక్కర్లేదు.

గొయ్యి తవ్వేవాళ్ల సంగతీ అంతే. అయిదడుగులు దాటితే పక్కలకు పలకలు కొట్టి, అడ్డంగా కొయ్యలు బిగించాలి. తవ్విన మన్ను గోతి అంచున కుప్ప పోయకూడదు. తడిసిన రేగడి చెప్పకుండా జారుతుంది.

చివరగా పరీక్ష. మేస్త్రీలు సాయంత్రానికి మన్ను కప్పేయాలని తొందరపడతారు. కప్పనివ్వకండి. పెద్ద నగరాల్లో గొట్టంలోకి కెమెరా పంపి చూస్తున్నారు. మనకు ఒక అద్దం, ఒక టార్చిలైటు చాలు. ఒక ఛాంబరులో లైటు పెట్టి రెండో ఛాంబరులో అద్దం ఏటవాలుగా పట్టండి. గొట్టం తిన్నగా ఉంటే అద్దంలో నిండు చంద్రుడు కనిపిస్తాడు. అర్ధచంద్రుడు కనిపిస్తే నడుమ ఎక్కడో వంగింది. తర్వాత పై చివర నుంచి గొట్టం కన్నా అర అంగుళం చిన్నదైన నున్నని బంతి వదలండి. ఎక్కడా ఆగకుండా కింది ఛాంబరుకు రావాలి. ఆ తర్వాత కింది చివర బిగించి, గొట్టం నిండా నీళ్లు పోసి, మట్టం దగ్గర గుర్తు పెట్టి అతుకులన్నీ చేత్తో తడిమి చూడండి. మాకు మూడో అతుకు దగ్గర తడి తగిలింది. రబ్బరు చుట్ట మడత పడింది. మన్ను కప్పి ఉంటే మళ్లీ ఆ వేపవేరే మాకు కబురు చెప్పేది. మేస్త్రీకి డబ్బంతా ఒకేసారి ఇవ్వకుండా నాలుగో వంతు ఈ పరీక్ష అయ్యేదాకా ఉంచాను. అతను కొంచెం ముఖం మాడ్చుకున్నాడు గాని, మర్నాడు పొద్దున్నే వచ్చి చుట్ట మార్చి వెళ్లాడు.

మన్ను కప్పే ముందు ఒక కాగితం మీద గొట్టం ఎక్కడ నుంచి ఎక్కడికి పోతుందో, గోడకు ఎన్ని అడుగుల ఎడంలో, ఎంత లోతున ఉందో, ఛాంబర్లు ఎక్కడున్నాయో గీసుకోండి. ఇంగ్లీషులో కాదు, ఇంట్లో అందరికీ తెలిసే భాషలో రాయండి. మా కాగితంలో కొలతలు నేను తెలుగులో రాశాను, మా మనవరాలు పక్కనే కన్నడంలో రాసింది. అది ఇంటి పత్రాలతోపాటు బీరువాలో ఉంది.